మధులత ముక్కు

"ముక్కు కాడ మాత్రం బాగా రుద్దుమ్మే ప్రభా. మధులత ముక్కు చూసినావు గదా, వేలు పెడితే జారాల" అంది మా అత్త ఉమామహేశ్వరమ్మ, గడప మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తూ. నేనప్పటికి అమ్మవారి విగ్రహం మోకాలి దగ్గరే ఉన్నాను. ముక్కు దాకా రావాలంటే ఇంకా చాలా పని ఉంది. చెక్కిన రాయి మొదట బూడిద రంగులో ఉంటుంది. నీళ్లు పోస్తూ ముందు గరుకు రాయితో, తర్వాత సన్న గరుకు కాగితంతో, ఆ తర్వాత ఇంకా సన్నదాంతో రుద్దుకుంటూ పోతే లోపలి నలుపు మెల్లగా పైకి వస్తుంది. మిషన్ పట్టని మడతలన్నీ చేత్తోనే రుద్దాలి. నా బొటనవేలి మీద గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, రేషన్ షాపు మిషన్ నన్ను గుర్తు పట్టదు.

మధులత ఎవరో మీకు చెప్పాలి. రాత్రి ఏడున్నరకు మా టీవీలో వచ్చే కోడలు. తెల్లారకముందే తలంటుకుని, జడలో పూలు పెట్టుకుని, అడగక ముందే అత్తకు కాఫీ ఇస్తుంది. ఎంతమంది ఎన్ని మాటలన్నా తల వంచుకుంటుంది. "చూడు, ఆ పిల్ల ఒక్క మాటన్నా ఎదురు చెప్పిందా?" అని అత్త టీవీని చూస్తూ నాతో అంటుంది. పొయ్యి ముందు నిలబడి ఉల్లిగడ్డలు కోస్తున్న నాకు ఆ పిల్ల మీద ఎంత కుళ్లో చెప్పలేను. చెప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు. అది గిన్నె తోమడం నేనెన్నడూ చూడలేదు. దాని చీర కొంగు తడవదు, దాని మోచేతులకు రాతి బురద అంటదు. అయినా మంచి కోడలు అదే.

నంద్యాల నుంచి బట్టల షాపు శెట్టి, ఆయన భార్య మంజులమ్మ వచ్చి మహాలక్ష్మి విగ్రహం కావాలన్నప్పుడు, "ముఖం మధులత మాదిరి పెట్టు నాయనా, లక్ష్మీకళ అంటే అదే" అని సలహా ఇచ్చింది మా అత్తే. మా ఆయన వీరబ్రహ్మం కొలతల విషయంలో ఎవరి మాటా వినే మనిషి కాదు. ఈ మాట మాత్రం విన్నాడు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్లు ఎంతోమంది ఉన్నారు గానీ, సీరియల్ ఆపి ఆపి ఒక ఆడమనిషి ముఖం కొలుచుకున్నది ఈయనొక్కడే అయ్యుంటాడు. ఫోన్లో ఆమె బొమ్మను పెద్దది చేసి, ఒంటి కన్ను మూసి, పెదవి చివర ఎక్కడ వంగుతుందో గంటల తరబడి చూశాడు. పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "నా ముఖం ఎప్పుడన్నా అట్ల చూసినావా?" అని అడిగాను. "నువ్వు యాడ నిలబడ్తావ్, చూసేకి?" అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండానే. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఎవరు నిలబడనిచ్చారని? ఆ గ్లాసు అక్కడే పెట్టి వచ్చేశాను. మనసులో మాత్రం మధులత జడ పట్టుకుని ఈడ్చాను.

ఒకప్పుడు పాలిష్ పని సామ్యేలు చేసేవాడు. రోజు కూలి, రెండు పూటలా టీ, శనివారం సాయంత్రానికి లెక్క తేల్చేవాళ్లం. సామ్యేలు బెంగళూరు వెళ్లిపోయాక, "ఇంట్లో మనిషుండగా బయటోళ్లు ఎందుకు?" అంది అత్త. అప్పట్నుంచి ఆ గరుకు రాయి నా చేతికొచ్చింది, కూలి మాత్రం రాలేదు. కొనేవాళ్లెవరైనా విగ్రహం మీద చెయ్యి వేసి, "అద్దం మాదిరి ఉండాదే, ఎవురు చేసినారు?" అంటే, "మా ఇంట్లో ఆడోళ్లు. ఊరికే కూచోలేక రుద్దుతాంటారు" అంటాడు మా ఆయన. నేను లోపల వాళ్లకోసం టీ కాస్తూ వింటాను.

ఇంతలో ఒకరోజు టీవీలో మధులత అత్త మధులతను నిలదీసింది. "అసలు ఈ ఇంట్లో నీదంటూ ఏముంది?" అంది. కెమెరా మధులత చుట్టూ తిరిగింది. ఆమె తల ఎత్తింది, నోరు తెరిచింది, అంతే, మిగతాది రేపన్నారు. మర్నాడు ఏడున్నరకు ఎప్పటిదో మధులత పెళ్లి వేశారు. ఆ తర్వాత రోజూ పాతదే. హైదరాబాదులో సీరియళ్లు రాసేవాళ్లు సమ్మె చేస్తున్నారని కింద అక్షరాలు పోతున్నాయి.

మా అత్తకు అన్నం సయించలేదంటే నమ్మండి. కొత్తపల్లెలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "ఏం చెప్పింటాది మే ఆ పిల్ల?" అని అడిగింది. ఆ చెల్లెలు యాగంటికి వెళ్లే బస్సులో ఉండి, బస్సులోనూ అందరూ అదే అనుకుంటున్నారని చెప్పింది. మా ఆయనకూ దిగులే. అమ్మవారి పెదవులు మాత్రం మిగిల్చి, ఆ పిల్ల మాట్లాడేటప్పుడు చూసుకుని ఉలి ముట్టాలనుకున్నాడట, చివరికి నోరు తెరిచి ఆగిన బొమ్మ చూసే ముగించాడు. నేను మాత్రం ఆ సాయంత్రం బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకుని, మిరపకాయ బజ్జీ నంజుకుని తిన్నాను. దాని నోరు మూతపడిందని నాకంత సంతోషం.

ఆ సంతోషం వార్తల్లో ఒకామెను చూసేదాకానే. షామియానా కింద జనంలో కూర్చునుంది. సన్నగా ఉంది, కళ్లద్దాలు పెట్టుకుంది, చున్నీకి పిన్నీసు పెట్టుకుంది. "మధులత మాట్లాడే ప్రతి మాటా నేను రాసిందే. నా పేరు వెయ్యరు. ఇంట్లో కూర్చుని రాసేదే కదా, దానికి అంతెందుకని డబ్బులూ సరిగ్గా ఇవ్వరు. మేం రాయకపోతే మధులతకు నోరే లేదు" అంది. మా అత్త ముందుకు వంగి చూసింది. "ఈమెనా? ఈమె రాసిందా? తలకు నూనె కూడా పెట్టుకోలేదే!"

మధులత మీద అప్పటిదాకా నాకున్నది ఉత్త ఉక్రోషం. అసలు అసూయ ఏంటో ఆ క్షణం తెలిసింది. ఆ కళ్లద్దాలామె ఎక్కడో చెయ్యి ఆపితే, ఇక్కడ ఆళ్లగడ్డలో మా అత్త కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆమె చేసేదీ నా పనిలాంటిదే, ఎవరి ముఖానికో మెరుగు పెట్టడం. నేను విషజ్వరంతో మంచం పట్టినప్పుడు ఈ ఇంట్లో ఎవరికీ ఒక్క ముద్ద తగ్గలేదు. "లేటైతే కానీలే, పాలిషే గదా" అన్నాడు మా ఆయన. ఆమె ఆగితే తెలిసింది, నేను ఆగితే తెలియలేదు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. రాయి రుద్దుతూ ఏడ్చాను, నీళ్లలో నీళ్లు, ఎవరూ గమనించలేదు.

మా ఇంట్లో చెక్కడం అయిపోగానే అమ్మవారి ముఖానికి పసుపు గుడ్డ కడతారు. కొన్నవాళ్లు వచ్చేదాకా ఆ గుడ్డ విప్పేది పాలిష్ చేసే మనిషి ఒక్కతే. నేను పాదాలు, నడుము, చేతులు, హారాలు, మెడ వరకూ ఎప్పటికంటే బాగా రుద్దాను. తర్వాత గుడ్డ విప్పి చూశాను. మధులత నా వంక చూస్తోంది, నోరు సగం తెరిచి, బూడిద ముఖంతో. మళ్లీ గుడ్డ కట్టేసి చేతులు కడుక్కున్నాను. సగం సమ్మె, సగం కుళ్లు. ఏది ఎంతని నన్నడగొద్దు.

శెట్టి, మంజులమ్మ వ్యాన్ తీసుకుని వచ్చారు. మా ఆయన కొబ్బరికాయ కొట్టి గుడ్డ విప్పాడు. మెడ కింద అంతా నిగనిగలాడే నలుపు, పైన గరుకుగా బూడిద పూసినట్టున్న ముఖం. మంజులమ్మ, "ఏందప్పా ఆచారీ, అమ్మ ముఖం ఇట్లుండాది?" అంది.

మా ఆయన నావైపు తిరిగాడు. "ఏందే ఇది? ముఖం యాల వదిలిపెడ్తివి?"

"సమ్మె చేస్తాండా" అన్నాను. "సామ్యేలుకు ఇచ్చినట్టు నాకూ కూలియ్యి. ఎవురు చేసినారని అడిగితే ప్రభావతి చేసిందని చెప్పు. అప్పుడు రుద్దుతా."

"వచ్చినోళ్ల ముందర ఏం మాటలే అవి?" అని ఆయన పళ్లు కొరికాడు. అత్త లేచి వచ్చింది. "ఓయమ్మా, సమ్మెంట! అసలు ఈ ఇంట్లో నీదంటూ ఏముండాదని?"

అనేసి ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ విన్నదో ఆమెకే తట్టింది. మంజులమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది, ఆమె కూడా ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే మనిషే. హైవే మీద కడప బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. మా అత్త కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. వెనక్కి చెయ్యి చాపి, తడుముకుని, అక్కడున్న చెక్కని రాతి మీద మెల్లగా కూర్చుంది.

నేను చెంబుడు నీళ్లు అమ్మవారి భుజం మీద పోశాను.

"మెడ కింద నుంచి పాదాల దాకా చూడత్తా. ఆ నలుపంతా నాది."