తిరగేసినా పడని ఓడలు

పార్సిళ్లకు స్టిక్కర్లు అంటించీ అంటించీ విసుగొచ్చి, రోజారమణి తానూ నాన్నా రోజూ ఆడుకునే ఆట పెట్టె తీసి బల్ల మీద పరిచింది. పలక మీదున్న నీలం ఓడను పైకెత్తింది. ఓడ చేతిలోకి మరీ తేలిగ్గా వచ్చింది. కిందికి చూస్తే, ఓడ అడుగున ఉండాల్సిన అయస్కాంతం ఇనప పలక మీదే కూర్చుని ఉంది. బఠాణీ గింజ కన్నా చిన్నది, తళతళా మెరుస్తోంది.

ఒక్కటే కదా అనుకుంది. పక్కనున్న ఓడ ఎత్తింది. అదీ అంతే. రెండు అయస్కాంతాలూ పలక మీద జరిగి టక్కున అతుక్కున్నాయి. ఆ చిన్న చప్పుడుకే ఆమె గుండె ఝల్లుమంది.

ఎందుకంటే అవి వచ్చిన అట్టపెట్టె మీద ఏం రాసి ఉందో ఆమె చదివింది. పిల్లలకు అందనివ్వకండి, ఒకటికి రెండు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగును మధ్యలో నొక్కేస్తాయి, చిల్లు పెడతాయి. చదివి, చెక్క లోపల ఉండేవాటితో మనకేం భయమని పెట్టె విప్పేసింది. చదువుకున్నవాళ్లం ఇలాగే చదువుతాం మరి.

ఆట పేరు ‘రేవు’. ఇనప రేకుతో చేసిన పలక, దాని మీద ఓడలు ఆగే జెట్టీల గళ్లు, చెక్క ఓడలు. ఆట తయారు కాకముందే ఇంటర్నెట్లో వీడియో పెట్టి, నచ్చినవాళ్ల దగ్గర ముందుగానే డబ్బు తీసుకుని, ఆ డబ్బుతోనే తయారు చేయించింది. ఈ క్రౌడ్ ఫండింగ్‌లో ఒక ఇరకాటం ఉంది. ఒకసారి ధర చెప్పాక పెంచడానికి లేదు. పెంచితే మోసం అంటారు. ధర పెంచకుండానే సరుకు మాత్రం బాగుండాలంటారు. ఈ రేటుకి ఇంత నాసి అయస్కాంతమా, ఓడలు జారిపోతున్నాయని ఆ వీడియో చూసి ఒకరు రాశారు. వెంటనే పది మంది వంత పాడారు.

ఓడలు చేసేది పోర్టు పక్క పాతపట్నంలో ఉండే ఫారూఖ్. లేతు మిషను మీద చెక్క తిప్పడంలో ఆయనకు చెయ్యి తిరిగింది. ఓడ అడుగున గుంట తీసి, అయస్కాంతం పెట్టి, పైన చెక్క బిళ్ల కొట్టి మూసేవాడు. ఆ బిళ్ల పని మానేసి బంకతో అతికిస్తే ఎంత మిగులుతుందో ఆయనే చెప్పాడు, ఆర్డరు ఎక్కడ జారిపోతుందోనని. ఆమె ఎగిరి గంతేసింది. అలా మిగిలిన డబ్బుతో రెట్టింపు బలమున్న అయస్కాంతాలు కొంది. ఆ తర్వాత పలకను తలకిందులుగా పట్టుకుని కొత్త వీడియో తీసింది. ఓడ ఒక్కటి పడితే ఒట్టు! జనం చప్పట్లు కొట్టారు. ఉక్కు ఫ్యాక్టరీలో తలపండిన వాళ్ల నాన్న గురునాథరావు కూడా, “ఇనుముకి అతుక్కున్నది ఎక్కడికెల్తాదే పిచ్చిదానా” అని ధైర్యం చెప్పాడు. ఉక్కునగరంలో పుట్టి పెరిగినవాళ్లు ఇనుమును అంతగా నమ్ముతారు. ఆ ఇనుమే ఓడను ఎత్తిన ప్రతిసారీ అయస్కాంతాన్ని తన వైపు లాగుతుందనీ, బంక ఎన్నాళ్లని ఓర్చుకుంటుందనీ ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ఇంకా నయం, పెట్టెలన్నీ ముందు గదిలోనే ఉన్నాయి. కొరియర్ వాళ్లు సాయంత్రం వస్తారు. ఒక్క పెట్టె కూడా గడప దాటలేదు అనుకుంటుండగానే దాటిన పెట్టె గుర్తొచ్చింది.

మొదటి వస్తువు చేసిన చేతికే చేరాలన్నది గురునాథరావు పట్టింపు. అందుకని కిందటి వారం మొదటి పెట్టె మీద స్వీటు పొట్లం పెట్టి, తానే స్వయంగా తీసుకెళ్లి ఫారూఖ్ చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో మనవరాలు నర్గీస్ ఉంది. ఇంకా బడికైనా వెళ్లని పిల్ల.

ఫారూఖ్‌కు ఫోను చేసింది. మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. లేతు తిరుగుతుంటే ఆయనకు పిడుగు పడ్డా వినపడదు.

“నాన్నా, కొరియరోళ్లు వత్తే ఒక్క పెట్టె కూడా ఇవ్వకు!” అని అరుస్తూ స్కూటీ తీసింది.

“ఏటైందే?”

“నాను వచ్చాక సెప్తాను!”

గాజువాక దాటేదాకా ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. పోర్టు రోడ్డు మీద బొగ్గు లారీలు ఒకదాని వెనకొకటి నిలిచిపోయి ఉన్నాయి. వాటి సందుల్లోంచి దూరుతుంటే ఒక డ్రైవరు నోరు చేసుకున్నాడు. వినపడలేదు. చెవుల్లో ఆ టక్కుమన్న చప్పుడే ఉంది. ఆ పిల్లకు ఏమీ కాకుండా ఉంటే చాలు, ఈ ఆటా వద్దు, ఈ పేరూ వద్దు అనుకుంది. భయం పట్టుకున్నప్పుడు అన్నీ వదిలేస్తామని ఎవరికి వాళ్లం మొక్కుకుంటాం. ఆమె నిజంగానే మొక్కుకుంది.

తలుపు ఫారూఖ్ భార్య గుల్జార్ బేగం తీసింది.

“రా బేటీ. ఈ ఏళప్పుడొచ్చావేటి?”

“నర్గీస్ ఏది చాచీ?”

“పడుకుంది. పొద్దున్నుంచీ కడుపునొప్పంటంది. ఒకసారి కక్కుకుంది కూడా. వాము నీళ్లు పట్టాను, తగ్గిపోద్దిలే.”

రోజారమణి గోడ పట్టుకుంది. “ఆట ఏది? ఆ పెట్టె ఏది?”

మంచం కిందుంది. లాగి, ఓడలన్నీ తిరగేసి చూసింది. రెండు ఓడలకు అడుగున ఒట్టి గుంటలే ఉన్నాయి. బంక ఎండి పొలుసులా లేచి ఉంది. పలక మీద అయస్కాంతాలు లేవు, పెట్టెలో లేవు. ఆమె ఆ ఇనప పలకను రెండు చేతులతో పట్టుకుని గదంతా పాకింది. మంచం కింద, బీరువా వెనక, చాప అడుగున, నేలకు ఆనించి ఈడ్చింది. ఎక్కడో పడి ఉంటే వచ్చి అతుక్కోకపోతాయా! రండమ్మా, రండి, అని ఆ రేకును పట్టుకుని బతిమాలింది. దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

“ఏటి సేత్తన్నావమ్మా?” అంది గుల్జార్ బేగం.

రోజారమణి మంచం దగ్గరికి వెళ్లింది. నర్గీస్ కళ్లు తెరిచే ఉన్నాయి. నుదుటి మీద చెమట పట్టింది.

“బంగారూ, ఓడ కింద మెరిసేవి ఉంటాయి కదా. అవేవమ్మా? కొట్టన్లే, సెప్పు.”

పిల్ల అరచేత్తో నోరు మూసుకుంది. కాసేపటికి చెయ్యి తీసి, “తియ్యగా నేవు” అంది.

గుల్జార్ బేగం “యా అల్లా” అని కూలబడింది.

లేతు గదిలోంచి ఫారూఖ్‌ను లాక్కొచ్చారు. గడ్డం నిండా చెక్కపొట్టు. ఆటోలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“బంకతో అతికిస్తే సాలని నానే కదా అన్నాను” అన్నాడు.

“నాను ఊఁ అన్నాను కదా చాచా.”

గుల్జార్ బేగం ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. తెర మీద చిన్న పక్కటెముకలు, వాటి కింద రెండు తెల్లటి బిళ్లలు, ఒకదానికొకటి అంటుకుని. రోజారమణి వాటిని గుర్తుపట్టింది. తాను ఏరి కొన్నవి, ఎంత బలమైనవో చూపించి మెప్పు పొందినవి.

“ఎక్కడివి ఇవి?” అన్నాడు డాక్టరు.

ఫారూఖ్ నోరు తెరిచాడు. ఆమె ఆయన్ను మాట్లాడనివ్వలేదు. “నాను అమ్మే ఆటలోవండి. ఊడిపోతన్నాయి.”

డాక్టరు ఆమెను ఒక్క క్షణం చూసి తెర వైపు తిరిగాడు. “ఇంకా పొట్టలోనే ఉన్నాయనిపిస్తోంది. నోట్లోంచి గొట్టం పంపి తీస్తాం. పేగుల్లోకి దిగితే మాత్రం కొయ్యాలి. ఆలస్యం చెయ్యను.”

తలుపు మూసుకుంది. బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. గుల్జార్ బేగం పెదవులు కదుపుతూ అల్లాను తలుచుకుంటోంది. నాన్న ఫోను చేశాడు. కొరియర్ బండి వచ్చిందట, గొడవ పడుతున్నారట. “ఖాళీగా పంపెయ్ నాన్నా. ఓడలన్నిటికీ చెక్క బిళ్లలు కొట్టాల. డబ్బులిచ్చినోళ్లకి నానే సెప్పుకుంటాను” అంది. తిట్టుకుంటారో, డబ్బు వెనక్కి అడుగుతారో, అదేదీ ఆమె మనసుకు ఎక్కడం లేదు. చూపంతా ఆ తలుపు మీదే ఉంది. లోపల ఏదో పాత్ర కింద పడిన చప్పుడైతే ముగ్గురూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

తలుపు తెరుచుకుంది. నర్సు చేతిలో స్టీలు ట్రే ఉంది.

“వచ్చేశాయి. లోపల కాస్త ఒరుసుకుంది, అంతే. పాప బాగానే ఉంది, మత్తులో ఉంది.”

ఫారూఖ్ అక్కడే గోడకు తల ఆనించి ఏడ్చేశాడు. రోజారమణికి ఏడుపు కూడా రాలేదు.

“ఇవేనా మీవి? చూసుకోండి” అంది నర్సు.

రోజారమణి అరచెయ్యి చాపింది. నర్సు దాని మీద ట్రే వంచింది. ఏమీ పడలేదు. పూర్తిగా తిరగేసింది. పడలేదు. విసుక్కుంటూ వెనక నుంచి గట్టిగా తట్టింది. రెండు అయస్కాంతాలూ ట్రేను కరుచుకుని వేలాడుతూనే ఉన్నాయి.

“ఏంటిది, కింద పడవేంటి?” అంది నర్సు.

గుల్జార్ బేగం లేచి వచ్చింది. రోజారమణి వీడియోను మొగుడి ఫోన్లో ఎన్నిసార్లు చూసి మురిసిపోయిందో ఆమె.

“పడవమ్మా” అంది, ఆ ట్రే వైపే చూస్తూ. “తిరగేసినా పడవని ఈ పిల్ల ఊరంతటికీ సూపించింది.”

రోజారమణి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.