సంచి మూల పసుపు

నిఖిల ఫోన్ చేసేటప్పటికి నేను పదకొండో సంచి అంచు కుడుతున్నాను.

ఆ పిల్ల మేముండే ఈ హౌగాంగ్ పేటలో, మా ఎదురు ఫ్లాట్‌లోనే పెరిగింది. వాళ్ళమ్మా నాన్నా ఆఫీసుల నుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే పడుకునేది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, దెబ్బతిన్న కోలాలను చూసుకునే ఆసుపత్రిలో డాక్టరు. తల్లి కడుపు సంచిలో ఉండాల్సిన వయసులో తల్లి పోయిన కోలా పిల్లలకు మెత్తటి నూలు సంచులు కావాలని తనంటే, నేను కుట్టి పంపుతానన్నాను. కొడుకూ కోడలూ పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే వస్తారు. పగలంతా ఇంట్లో చప్పుడు చేసేది కుట్టుమిషనొక్కటే.

పోయిన నెల వాళ్ళకు ఒక తెల్ల కోలా పిల్ల దొరికింది. కారు గుద్ది రోడ్డు మీద పడివున్న తల్లిది మామూలు బూడిదరంగే. పిల్ల మాత్రం పాలనురుగులా ఉంది, ముక్కు గులాబిరంగు. ఇలాంటిది చాలా అరుదట. అడవిలో అందరి కళ్ళలోనూ పడుతుందని నిఖిల అన్న రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

సంచులకు రంగు ఉండకూడదు, వాసన ఉండకూడదు అని ఆమె మొదట్లోనే చెప్పింది. విన్నాను. కానీ కొత్తబట్టకు మూల పసుపు పెట్టకుండా నేను ఎవరికీ తొడగలేను. నా కూతురు రాధకు ఆరో ఏట కొన్న గౌను, తొందరలో పసుపు పెట్టకుండానే తొడిగాను. ఆ వారంలోనే జ్వరమొచ్చి పిల్ల చనిపోయింది. గౌను వల్ల కాదని తెలుసు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్నే అయినా ఆ మాత్రం తెలుసు. అయినా వేలు పసుపు డబ్బాలోకి పోతుంది. ప్రతి సంచికీ లోపలి కుట్టు దగ్గర బొట్టంత అద్దాను. తెల్లదాని సంచికి ఇంకాస్త ఎక్కువే అద్దాను.

ఫోన్‌లో నిఖిల గొంతు అలిసిపోయి ఉంది.

"ఆంటీ, పిల్ల ఎల్లోగా అవుతోంది. మూతి, చెవులు. లివర్ ప్రాబ్లమ్ అనుకుంటున్నాం. రేపు మార్నింగ్ మత్తిచ్చి బ్లడ్ తీస్తాం."

"తట్టుకుంటుందా?"

"ఇంత చిన్నదానికి చెప్పలేం ఆంటీ."

చెప్తే సంచులు మాన్పిస్తారు. సంచులు లేకపోతే నిఖిల నాకు ఫోన్ చేయడానికి మరో పనేమీ ఉండదు. చెప్పకపోతే రేపు ఆ పిల్ల మత్తులోంచి లేవకపోవచ్చు.

"అది జబ్బు కాదమ్మా," అన్నాను. "పసుపు. నేనే పెట్టాను."



"వంట పసుపా?"

"ఊఁ. కొత్తబట్ట కదా."

"కోలాకి పేరంటం చేశారా ఆంటీ?" అంది. నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు.

సాయంత్రం మళ్ళీ చేసింది. తడి దూదితో తుడిస్తే దూది పచ్చబడిందట. రక్తం తీయడం మానేశారు. కానీ నేను కుట్టిన సంచులు ఇక వాడొద్దని పెద్ద డాక్టరు అన్నారట. చిన్నప్పుడు తక్కువ మార్కుల సంగతి చెప్పినట్టు, నసుగుతూ చెప్పింది. మిగిలిన మరక ఎండ తగిలితే అదే పోతుందని నేనన్నాను. మరక పూర్తిగా పోయాక పిల్లను చెట్లెక్కడం నేర్పే చోటికి పంపుతారట. ఆ తర్వాత అది తన దగ్గర కూడా ఉండదంది.

మర్నాడు పదకొండో సంచి తిరగేసి, పసుపు మూల పైకి వచ్చేలా వెదురుగడకు గుచ్చి, కిటికీ బయటికి చాపాను. అక్కడి ఎండా ఇదే కదా అనుకున్నాను. రోజూ మధ్యాహ్నం గడ లోపలికి లాగి చూశాను. రెండో రోజుకు మూల గంధంలా వెలిసింది. మూడో రోజు మబ్బు పడితే, పిల్ల ఇంకో రోజు నిఖిల దగ్గరే ఉంటుందని ప్రాణం కుదుటపడింది. నాలుగో రోజు ఎండ మళ్ళీ కాసింది. మరక ఎక్కడుండేదో కుట్టును వేలితో తడుముకుంటూ వెతకాల్సి వచ్చింది.