లేని అల్లుడు

నీరజ మెడలో ఆ నల్లపూసలు వేసింది నేనే. ఆరేళ్ల కింద, నర్సు ఉద్యోగానికి జర్మనీ పోయే ముందురోజు పొద్దున, మరిపెడలో మా ఇంట్లో.

"గిదేందమ్మా, పెండ్లి గాకుండ?" అంది.

"ఉండనియ్యి బిడ్డా. ఒంటిగ పోతున్నవ్. మొగడున్నడంటే ఎవడూ జోలికి రాడు."

"అక్కడ నల్లపూసలంటే ఎవలకెరుక?" అని నవ్వింది. కానీ తీయలేదు.

నా భయం అక్కడితో ఆగలేదు. దేశం కాని దేశంలో పెళ్లికాని పిల్ల ఉందంటే వాడలో ఏ మాట పుడుతుందోనని ఒకటే గుబులు. అందుకే మా ఎదురింట్లో కిరాణం నడిపే గట్టమ్మక్కతో, హైదరాబాద్‌లో గుడిలో తొందరగా పెళ్లి చేసేశామని చెప్పాను. అల్లుడి పేరు రవి అన్నాను. దుబాయిలో ఉంటాడన్నాను. గట్టమ్మక్కతో చెబితే వాడంతా చెప్పినట్టే.

మోటర్లు బాగుచేసే మా ఆయన మల్లేశం ఒక్కడే, "లేని అల్లున్ని ఎన్నొద్దులు సాదుతవే?" అన్నాడు. నేను వినలేదు.

పోయిన ఏడాది జనవరిలో నీరజ ఫోన్ చేసింది. వాళ్ల దవాఖానలో అంబులెన్స్ నడిపే యోనాస్‌ను అక్కడే పెళ్లి చేసుకుంటానంది. ముందుగా నాకు తోచింది ఒకటే.

"వానికి ఇదివరకే పెండ్లాం ఉంటే? కాయితం చూపియ్యమను."

"చూపియ్యాల్సిందేనమ్మా. ఇక్కడ ఇద్దరం చూపియ్యాలె. అతనిది ఒక్కరోజుల వచ్చింది. నాదే కష్టం."

పుట్టిన సర్టిఫికెట్ కావాలి. పెళ్లి కాలేదని తహసీల్దారు ఇచ్చే కాగితం కావాలి. అదే మాట తల్లిదండ్రులు నోటరీ ముందు ప్రమాణం చేసి రాసివ్వాలి. అన్నీ వాళ్ల భాషలోకి మార్పించాలి. ఆరు నెలలు దాటితే చెల్లవట. అక్కడి పెళ్లి ఆఫీసులో జూన్ పన్నెండు తారీఖు ఇచ్చారు. మా ఇద్దరికీ టికెట్లు చూస్తున్నానంది.

రేషన్ కార్డులో నీరజ పేరు ఇంకా మాతోనే ఉంది కాబట్టి తహసీల్దారు ఆఫీసులో కాగితం ఇచ్చారు. మానుకోటలో నోటరీ ముందు సంతకం పెట్టి వచ్చాం. రాసింది నిజమే, వాడలో నేను చెప్పిందే వేరు. గట్టమ్మక్కకు అసలు సంగతి చెప్పేద్దామని రెండుసార్లు కిరాణం దాకా పోయాను. ఒకసారి చింతపండు, ఒకసారి సబ్బు కొనుక్కొని తిరిగొచ్చాను.

ఆ కాగితాల్లో రాసింది నిజమో కాదో ఊళ్లో అడిగి తెలుసుకోమని జర్మనీ వాళ్లు హైదరాబాద్ నుంచి ఒక వకీలును పంపుతారని మాకు తెలియదు. అతను మా గడప తొక్కకముందే కిరాణంలో అడిగిపోయాడు. ఆ మాట గట్టమ్మక్కే సంబరంగా చెప్పింది.

"నీ బిడ్డ గురించి అడిగిండే వనజా. అన్నీ మంచిమాటలే చెప్పిన. పెండ్లయింది, అల్లుడు రవి దుబాయిల ఉంటడు, నల్లపూసలు నా కండ్లతోని చూసిన అన్న. సంతకం గూడ పెట్టిన!"

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేకపోయాను.

జూన్ పన్నెండు పోయింది. పెళ్లి ఆఫీసు కాగితాలు తిప్పి పంపింది. మొగుణ్ని దాచిపెట్టి ఇంకో పెళ్లికి వచ్చావా అని నీరజను పిలిచి అడిగారట. లోకంలో ఉన్న భయాలన్నీ పడ్డాను గానీ నా నోటికి నేను భయపడలేదు.

ఇంటింటికీ పోయి నా అబద్ధం ఒప్పుకున్నాను. గట్టమ్మక్క తక్కెడ పక్కన పెట్టి నన్నే చూసింది.

"ఐదేండ్లు నాకు వాని మంచిచెడ్డ చెప్పినవ్. దుబాయిల జరమొచ్చిందంటే సమ్మక్కకు బెల్లం మొక్కిన గదనే! ఇప్పుడేది నిజమని రాసియ్యాలె? అప్పటిదా, ఇప్పటిదా?"

అయినా నీరజ అర్జీ మీద వకీలు రెండోసారి వచ్చినప్పుడు ముందుగా నిలబడింది ఆమే. "దీనికి భయమెక్కువ, బుద్ధి తక్కువ సారూ. పిల్ల తప్పేం లేదు" అంది.

"మరి ఆ రవి అనే మనిషి లేడనడానికి ఏం రుజువు?" అన్నాడు వకీలు.

"లేనోడు లేడని ఏ ఆఫీసుల రాసిస్తరు సారూ?" అన్నాడు మల్లేశం. వకీలు వాడలో పదిమంది సంతకాలు తీసుకొని పోయాడు.

గడువు దాటిన కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి తెచ్చాం. అక్టోబరులో ఆ ఆఫీసు ఒప్పుకుంది. కొత్త తారీఖు ఎప్పుడని ఫోన్లో అడిగాను.

"ఆఫీసు నమ్మిందమ్మా. యోనాసే జర ఆగుదామంటుండు."

"ఎందుకు? అన్నీ తేలినయి గద?"

"కలిసిన కొత్తల నా పెట్టెల నల్లపూసలు చూసి ఏందని అడిగిండు. మా అమ్మ ఇచ్చిన గొలుసన్న. వకీలు రాసినదాంట్ల అవి ఎవలు ఏసుకుంటరో ఇవరంగ ఉన్నది. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతుండు."

"అవతల పారేయకపోయినవా బిడ్డా! ఇన్నేండ్లు ఎందుకు దాచుకున్నవ్?"

"నువ్వు ఏసినవ్ గదమ్మా" అంది.