కాలేజీకి వేలంపాట

రావులకుంటలో పొలాలు ప్లాట్లయి, ప్లాట్లు గోదాములయి చాలా కాలమైంది గానీ, చర్చిలో కోత పండుగ మాత్రం ఆగలేదు. వడ్ల బస్తాలు తెచ్చేవాళ్ళు ఇప్పుడు లేరు. గోదాములో హమాలీ పనిచేసేవాడు కూలి డబ్బుల్లోంచి ఒక కోడిని కొని తెస్తాడు. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం చేసే సుజిత్ పోయినేడు కొత్త హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరి పంట వాళ్ళది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో షామియానా కింద వాటన్నిటినీ వేలం వేస్తారు. పాడుకున్న వస్తువును ఇంటికి తీసుకుపోతే అందులో గొప్పేమీ లేదు. డబ్బు కట్టేసి, "మల్ల పాడుండ్రి" అని తిరిగి ఇచ్చేస్తేనే పేరు. ఒక ఏడు ఒకే ఒక్క సొరకాయ ఇలా చేతులు మారీ మారీ చర్చి వంటగదికి రేకులు వేయించింది.

ఈసారి ఆ వేలంలోకి మున్సిపాలిటీ అప్పు వచ్చి పడింది. దానికి కారణం షైని.

షైని అదే మున్సిపాలిటీలో వార్డు ఆఫీసరు. వాళ్ళ ఇంటి మొత్తం మీద డిగ్రీ చదివిన మొదటి మనిషి. మేడ్చల్ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి సిటీలోకి ఇంకో బస్సు పట్టుకుని చదువుకుంది. సాయంత్రం బస్సు ఆలస్యమైతే నాయిన యాకోబు మేడ్చల్ బస్టాండులో నిలబడి ఎదురుచూసేవాడు. ఇప్పుడు చెల్లెలు లిఖిత ఇంటరు రెండో ఏడు. యాకోబు గోదాములో హమాలీల మేస్త్రీ అయ్యాడు, సాయంత్రం పూటే డ్యూటీ. అందుకని మాట తేల్చి చెప్పేశాడు.

"షైని కోసం మూడేండ్లు బస్టాండుల నిలబడ్డ. ఇగ నాతోటి గాదు. దగ్గర్ల కాలేజీ ఉంటె పంపుత. లేకుంటె ఇంటర్‌తోనే బంద్."

ఆ దగ్గరి డిగ్రీ కాలేజీ కాగితాల మీద అప్పటికే ఉంది. ప్రభుత్వం మంజూరు ఇచ్చింది, స్థలం చూపించింది. కొత్త భవనం లేచేదాకా హైస్కూలు పై అంతస్తులో ఈ జూన్ నుంచే తరగతులు పెట్టుకోవచ్చంది. భవనానికి డబ్బు మాత్రం మున్సిపాలిటీయే జనం దగ్గర అప్పుగా తెచ్చుకోవాలి. అందుకు బాండ్లు పెట్టారు. ఒక్కోటి వెయ్యి రూపాయలు. ఏడేళ్ళు ఏటేటా వడ్డీ, ఏడో ఏట అసలు. బ్యాంకులూ కంపెనీలూ తమ వంతు తీసుకున్నాయి. ఊరివాళ్ళ కోసం విడిగా ఉంచిన వంతు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మంగళవారం సాయంత్రంలోగా అదీ నిండాలి. నిండకపోతే ఈ ఊరికి కాలేజీ అక్కరలేదనుకుని మంజూరు ఇంకో ఊరికి ఇచ్చేస్తారు.

షైని చెప్పులరిగేలా తిరిగింది. కాలనీలో ఉండే గోపాలరావుగారు బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యారు, బాండు అంటే ఏమిటో ఆమెకంటే బాగా తెలుసు. ఆయన ఓపికగా విని, "అంతా బాగానే ఉందమ్మాయ్. కానీ మా వీధి డ్రైనేజీ మీద మూత వెయ్యడానికి రెండేళ్ళు పట్టింది మీ ఆఫీసుకి. వాళ్ళా నాకు వడ్డీ ఇచ్చేది?" అన్నారు. ఊరి పాత బస్తీలో కూరగాయలమ్మే ఏసమ్మ అయితే నవ్వింది. "సర్కారోళ్ళు నా దగ్గర అప్పడుగుడేంది బిడ్డా? లోకం తిరగబడ్డదా?"

యాకోబు మాట ఇంకా చేదు. "అప్పు జేసి బాగుపడ్డోణ్ణి నేను జూడలె. నువ్వు గూడ ఇంటింటికి తిరిగి అడుగకు, ఇజ్జత్ పోతది."

ఆదివారం పొద్దున షైని సంఘపెద్ద ఎడ్వర్డ్ దగ్గరికి వెళ్ళింది. వేలం వేసేది ఎప్పుడూ ఆయనే. ఆయన గొంతుకు మైకు కూడా దండగ.

"ఎడ్వర్డన్నా, వందనాలు. వేలం నడుమ ఒక్క అయిదు నిమిషాలు మైకియ్యి. బాండ్ల ముచ్చట చెప్పుకుంట."

"అయిదేంది, పదియ్యనా? మన పిల్లవు. నాకిడిసిపెట్టు," అన్నాడు ఎడ్వర్డ్. ఆ 'నాకిడిసిపెట్టు' అన్న మాట దగ్గరే షైని జాగ్రత్తపడవలసింది.

వేలానికి కులం మతం లేదు, కాలనీవాళ్ళు కూడా వస్తారు. గోపాలరావుగారు నాటుకోడి కోసం, ఆయన భార్య జానకీదేవిగారు గోంగూర కోసం వచ్చి ముందు వరసలో కుర్చీలేసుకున్నారు. "నువ్వు బాండ్ల గురించి తప్పు చెబితే అక్కడికక్కడే సరిచేస్తాను, ఏమనుకోకు," అని షైనికి ముందే చెప్పారాయన.

కోడి పోయింది, గోంగూర పోయింది. పేద్ద గుమ్మడికాయ ఒకటి బల్ల మీదికి ఎక్కింది. షైని మైకు కోసం లేచేలోపల ఎడ్వర్డ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇగ ఇనుండ్రి! గీ గుమ్మడికాయతోని ఈసారి మన షైని తెచ్చిన కాలేజీ బాండు జతజేసి పెడుతున్న. బాండు వెయ్యి రూపాయలు. ఎవలు పాడుతరు?"

"పన్నెండు వందలు!" అన్నాడు సుజిత్ వెనకనుంచి.

"పదిహేను!"

"రెండు వేలు!"

షైని రెండు చేతులూ ఊపింది. "అన్నా, అట్ల గాదే..." అంటూ ముందుకు పరుగెత్తింది. ఎవరు వింటారు? వేలం వేడెక్కాక ఎడ్వర్డ్‌ను ఆపడం లారీకి చెయ్యి అడ్డం పెట్టడమే. ఏసమ్మ కొంగుముడి విప్పుతూ లేచింది.

"నాలుగు వేలు! గుమ్మడికాయ వద్దు, బాండూ వద్దు. దేవునికే ఇస్తున్న. మల్ల పాడుండ్రి!"

చప్పట్లు మోగిపోయాయి. గోపాలరావుగారు కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు. "ఇదేం ఘోరమండీ! వెయ్యి రూపాయల బాండు నాలుగు వేలకి కొని, దాన్ని మళ్ళీ తిరిగిచ్చేస్తుందా ఆవిడ? అమ్మాయ్, ఎవరైనా ఆపండి వీళ్ళని!"

షైనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారం రోజులుగా వడ్డీతో సహా తిరిగి ఇస్తామని బతిమాలితే ఒక్క మనిషి చెయ్యి కదల్చలేదు. ఊరికే ఇచ్చెయ్యమంటే కొంగుముళ్ళు విప్పుతున్నారు. ఆ ఇచ్చేదేమో మున్సిపాలిటీ పుచ్చుకోవడానికి లేదు. ఆమె ఎడ్వర్డ్ చేతిలోంచి మైకు దాదాపు గుంజుకుంది.

"ఆగుండ్రి! ఏసమ్మవ్వా, నీ పైసలు నువ్వు కట్టుకో. ఇది కానుక గాదు. బాండుకు ధర ఒక్కటే, వెయ్యి రూపాయలు. ఎక్కువ తీసుకుంటె నా నౌకరీ పోతది. ఇది అప్పు. మీరు మున్సిపాలిటీకి ఇచ్చే అప్పు."

షామియానా కింద వేడి ఒక్కసారిగా చల్లారిపోయింది. అప్పు అనే మాటకు ఆ బస్తీలో ఉన్న బరువు అలాంటిది. యాకోబు తల దించుకున్నాడు. అయిపోయిందనుకుంది షైని.

ఏసమ్మ మాత్రం కూర్చోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది.

"అంటె... కమిషనర్ సారు నాకు బాకీ ఉంటడా?"

"ఆయనంటె ఆయన గాదవ్వా, ఆఫీసు బాకీ ఉంటది."

"రోజూ పొద్దుగాల రశీదు బుక్కు పట్టుకొని నా కూరగాయల తట్ట కాడికొచ్చి తైబజార్ పన్ను ఇయ్యి, ఇయ్యి అని మీదికి దుంకుతరు సూడు, గా ఆఫీసేనా?"

"గా ఆఫీసే."

"ఏడేండ్లు?"

"ఏడేండ్లు. ఏటేటా నీకు వడ్డీ కట్టాలె."

ఏసమ్మ ముఖం మెల్లగా వెలిగింది. "మస్తున్నదే!" అంది. "కానుక వాపస్. నాకు నాలుగు బాండ్లు రాయి. రేపు రానియ్యి, గా రశీదు బుక్కోణ్ణి!"

షామియానా మొత్తం ఘొల్లుమంది. నవ్వు ఆగకముందే గోపాలరావుగారు మైకు అడిగి తీసుకున్నారు. మున్సిపాలిటీ మీద ఆయన అనుమానాలు ఆయనకున్నాయి గానీ, లెక్క తప్పుగా అర్థమైతే మాత్రం ఊరుకోలేరు.

"చూడండి, నేను వీళ్ళ కాగితాలు రెండుసార్లు చదివాను. మన చుట్టూ ఉన్న గోదాములు కట్టే ఆస్తిపన్ను ఆఫీసు చేతికి రాదు. తిన్నగా వేరే ఖాతాలో పడుతుంది. అందులోంచి ముందు మీ వడ్డీ తియ్యాలి, ఆ తర్వాతే ఆఫీసు ఖర్చులు. మా డ్రైనేజీ సంగతి నేను వేరే తేల్చుకుంటాను. ఇది మాత్రం కట్టుదిట్టంగానే రాశారు. అయినా ఏ అప్పులోనూ భయం బొత్తిగా లేకుండా ఉండదు. ఇంట్లో అవసరానికి దాచుకున్నది పెట్టకండి."

"మరి తెలిసీ మనమెందుకు కొనలేదండీ?" అని జానకీదేవిగారు అందరికీ వినబడేలా అడిగేసరికి ఆయన మైకు ఎడ్వర్డ్‌కి ఇచ్చేశారు.

అప్పుడు తట్టింది షైనికి. ధర పెరగడానికి లేదు. సంఖ్య పెరగొచ్చు కదా!

"అన్నా, ఇట్ల పాడు. ధర గాదు, ఎన్ని బాండ్లు అని పాడాలె. ఎవరు పాడినవి వాళ్ళవే. అందరికన్న ఎక్కువ పాడినోళ్ళకు గుమ్మడికాయ."

ఎడ్వర్డ్‌కి ఇంతకంటే ఏం కావాలి? "ఏసమ్మవి నాలుగు! గీ సంఘంల ఏసమ్మను మించినోళ్ళు లేరా?"

"ఆరు," అన్నాడు సుజిత్.

"పది," అన్నారు జానకీదేవిగారు, భర్త వైపు చూడకుండానే.

"కాలనీ పది! కాలనీ పది! బస్తీ పండుకున్నదా?" ఎడ్వర్డ్ అగ్గి రాజేశాడు. బస్తీ పడుకోలేదు. గోదాము కుర్రాళ్ళు నలుగురు లేచి పన్నెండు అన్నారు. కాలనీ నుంచి పదిహేను. చర్చి మహిళా సమాజం గుసగుసలాడుకుని, ఎవరి పేరున వాళ్ళుగా రెండేసి తీసుకుంటామంది. జానకీదేవిగారు మళ్ళీ చెయ్యెత్తారు. "ఇరవై."

"ఇరవై, ఒకటోసారి! ఇరవై, రెండోసారి!"

యాకోబు లేచి నిలబడ్డాడు. బోనస్ డబ్బులకు మరికొంత కలిపి సెకండ్ హ్యాండు బండి ఒకటి కొందామని ఆయన దాచుకుంటున్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. 

"ఇరవై అయిదు."

"నాయినా, బండి?" అంది షైని మైకు దించడం మరిచిపోయి. ఆ మాట ఊరంతా విన్నది.

"కాలేజీ నడిచిపోయేంత దూరముంటె నాకు బండెందుకే?" అన్నాడు యాకోబు. "బంద్ అన్న గని, డ్యూటీ నడుమ ఉరికొచ్చి పిల్లను తీస్కరానికే గద బండి. పాడన్నా, మూడోసారి అను!"

ఆడవాళ్ళ వరసలో కూర్చున్న లిఖిత రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. పక్కనున్నవాళ్ళు ఆమెను భుజాలు పట్టి ఊపేశారు. జానకీదేవిగారు చెయ్యి దించి, "గుమ్మడికాయ మీదేనండీ. పులుసు పెడితే మాకు కాస్త పంపండి," అన్నారు.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. బాండ్లు ఉంచుకోవడానికి డీమాట్ ఖాతా ఉండాలి. ఫోనుల్లో షేర్లు ఆడే గోదాము కుర్రాళ్ళందరికీ అవి ఎప్పణ్ణుంచో ఉన్నాయి. లేనివాళ్ళను గోపాలరావుగారు బల్ల వేసుకుని కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచి తెరిపించారు. ఏసమ్మ దగ్గర కాస్త ఇబ్బందైంది.

"అవ్వా, ఫోన్ల సూసుకుంట ఒకసారి కన్ను ఆర్పు," అన్నాడు సుజిత్.

"ఏందిరో? నేనెందుకు కన్ను గొట్టాలె నీకు?"

"నాకు గాదవ్వా, ఫోనుకు! మనిషివా ఫొటోవా అని సూస్తది."

"తైబజార్ ఇచ్చెటప్పుడు మనిషినే, అప్పిచ్చెటప్పుడు ఫొటోనా?" అంటూనే ఏసమ్మ రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది, ఇక తెరవదు. మూడు సార్లు చేస్తే గానీ ఫోను ఆమెను మనిషని ఒప్పుకోలేదు.

సోమవారం ఆ సంగతి ఊరంతా పాకింది. బస్తీవాళ్ళకు మున్సిపాలిటీ బాకీ పడిందట అనేసరికి మిగతా వార్డులకు రోషం వచ్చింది. మంగళవారం సాయంత్రం కమిషనర్ ఫణిభూషణ్‌గారు షైనిని గదిలోకి పిలిచారు. లోపల స్వీటు డబ్బా తెరిచి ఉంది. "నిండింది. పైగా కొంచెం ఎక్కువే వచ్చింది," అన్నారు. తర్వాత కాస్త బెరుకుగా, "అది సరే గానీ, పొద్దున ఎవరో పెద్దావిడ నా కారు ఆపి 'నా పైసలు భద్రంగ ఉన్నయా సారూ' అని అడిగింది. ఎవరావిడ?" అన్నారు. షైని స్వీటు నోట్లో పెట్టుకుంది, జవాబు చెప్పే పని తప్పించుకోవడానికి.

జూన్‌లో హైస్కూలు పై అంతస్తులో తరగతులు మొదలయ్యాయి. రోడ్డుకు అవతల భవనానికి పునాదులు లేస్తున్నాయి. అక్కడ తాపీమేస్త్రీ లింగానికి మొదటి వారంలోనే పిచ్చెక్కినంత పనైంది. పొద్దున నడకకు వచ్చే గోపాలరావుగారు సిమెంటు బస్తాల మీద అచ్చు చదువుతారు. మార్కెట్టుకు పోతూ పోతూ ఏసమ్మ తట్ట దించి ఇటుకను గోటితో గీకి చూస్తుంది.

మొదటిరోజు లిఖితను దిగబెట్టడానికి యాకోబు, షైని ఇద్దరూ నడిచి వచ్చారు. ఇంటి నుంచి అక్కడికి ఒక పాట పాడుకునేంత దూరం. యాకోబు బడి గేటు వైపు వెళ్ళకుండా తిన్నగా పునాది గుంట దగ్గరికి నడిచాడు.

"ఏందన్నా, గీ గోడ వంకరున్నట్టు కొడతాంది?"

లింగం తాపీ కింద పెట్టాడు. "సక్కగున్నది. నీకేం పని ఈడ?"

"నాకేం పనా? ఇరవై అయిదు బాండ్లు నాయి!"

"నువ్వు గూడనా!" లింగం నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్క ఇంజనీరున్నడంటె ఒప్పుకున్న నేను. ఊరంత ఇంజనీర్లే అని ఎవలూ చెప్పలె!"

"అప్పిచ్చినోడు అడుగుతడు మరి. తాడు పట్టు, సూద్దాం," అంటూ యాకోబు లుంగీ ఎగ్గట్టి గుంటలోకి దిగాడు.

అవతల గంట మోగింది. "నాయినా, పోతున్న!" అని లిఖిత కేకేసింది. అప్పటికే ఆమె రోడ్డు దాటేసింది. యాకోబు తాడు ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టుకొమ్మని లింగాన్ని గదమాయిస్తూ, తల ఎత్తకుండానే "ఆఁ, పో పో, జల్దీ పో" అన్నాడు.