కుండ పక్క చోటు

కోడి ఈకలు పీకేటప్పుడు మియెన్ ఎడమ చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటుంది. కుడి చెవి అత్తగారిది. ఆవిడ ముందు గదిలోంచి ఒక్కసారే పిలుస్తుంది. రెండోసారి పిలుపుండదు, తిట్టే. అందుకని ఉన్న రెండు చెవుల్నీ అలా చెరొకళ్ళకి ఇచ్చేసింది.

ఎడమ చెవిలో ఆవేళ ఒకావిడ మాట్లాడుతోంది. హనోయి నగరపు గొంతు, తేనె కలిపినట్టుంటుంది. "నిన్ను నువ్వు ప్రేమించుకో. నీ తర్వాతే..." అంటూండగానే కుడి చెవిలో, "మియెన్! బంకన్నం ఆవిరికి పెట్టావా, ఇంకా ఆ కోడితోనే కబుర్లా?" అని వినబడింది. ఫోను ఆపింది. నీ తర్వాతే ఏమిటో తెలియలేదు.

ఈ ఉపన్యాసాల పిచ్చి ఆమెకి కుట్టు ఫ్యాక్టరీలో పట్టుకుంది. పోయినేడు ఆడవాళ్ళ పండగకి యజమానులు కానుక అని చెప్పి, మధ్యాహ్నం భోజనాల విరామంలో ఒక వక్తని తెచ్చి నిలబెట్టారు. ఆవోజాయ్ అనే పొడుగు పట్టు అంగీ వేసుకుంది, మైకు పట్టుకున్న చేతికి ఒక్క సూది గుచ్చిన మచ్చ లేదు. సగంమంది తింటూ, సగంమంది కునుకుతూ విన్నారు. ఉన్నట్టుండి ఆవిడ అడిగింది. "అన్నం ముందు కూర్చుని రోజూ ఎంతమందిని వరస పెట్టి 'భోంచెయ్యండి' అని పిలుస్తారమ్మా మీరు?" ఇంట్లో పెద్దల్ని ఒక్కొక్కరినీ అలా పిలిచాకే ముద్ద ముట్టాలి అక్కడ. అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. "మరి మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

మియెన్ మడిచిన వేళ్ళు అలాగే ఉండిపోయాయి.

తర్వాత ఆవిడ అద్దం సంగతి చెప్పింది. రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుని 'నువ్వంటే నాకు ఇష్టం' అని చెప్పుకోవాలట. పక్క మిషను పిల్ల మోచేత్తో పొడిచి, "మా ఇంట్లో అద్దం మా ఆయన గడ్డానికే అక్కా, నా మొహానికి వంతు రాదు" అంది. నవ్వుకున్నారు. కానీ ముందడిగిన ప్రశ్న చేపముల్లులా మియెన్ గొంతులో నిలిచింది. దాన్ని దింపుకోవడానికే ఆ రోజు నుంచీ ఫోనులో వెతుక్కుని ఒకరి తర్వాత ఒకరిని వింటూ వచ్చింది. బోడిగుండు సన్యాసిని, కోటు వేసుకున్న మాటకారి, ఈ హనోయి ఆవిడ, ఇంకా ఎందరో. గిన్నెలు తోముతూ, పంది మాంసం దంచుతూ, ఆడబిడ్డ పిల్లల బట్టలు ఉతుకుతూ విన్నది. అన్నీ ముక్కలే. ఒక్క ఉపన్యాసమైనా చివరిదాకా విన్న పాపాన పోలేదు.

ఒకనాడు నీళ్ళ తొట్టి దగ్గర అద్దం ముందు నిలబడి నోరు తెరిచింది. మాట రాకముందే వెనకనించి భర్త తోవాన్, "ఏమిటా మూతి తిప్పుకోవడం?" అన్నాడు. దాచుకోవడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. "నీలో ప్రేమించేందుకు ఏముందో కనబడితే నాకూ చూపించు. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను." కోపంతో అన్నమాటైతే ఎప్పుడో మర్చిపోయేది. సరదాగా అన్నాడు కనక మర్చిపోలేకపోయింది.

మాటలో మాట వచ్చింది గానీ, కోడి ఈకలు పీకిన ఆ రోజు మామగారి తద్దినం. వాళ్ళ ఊళ్ళల్లో ఏ ఇంట చూసినా అన్నం కుండ పక్క చోటు కోడలిది. పెద్దవాళ్ళంతా చుట్టూ కూర్చుని తినే పళ్ళెం గదిలో, ఆడవాళ్ళ పళ్ళెం వంటింటి వైపు, రెంటికీ మధ్య గడప దగ్గర కుండ. ఆ కుండ పక్కన కోడలు. గిన్నెలు చాపుతూ ఉంటారు, ఆమె వడ్డిస్తూ ఉంటుంది. ఒకరికి రెండోసారి పెట్టేలోపు ఇంకొకరికి మూడోసారి. తన గిన్నె ఎత్తేసరికి అవతల పళ్ళు కుట్టుకుంటూ ఉంటారు. తనకి మిగిలేది కోడి మెడ, చల్లారిన పులుసు మీద గడ్డకట్టిన కొవ్వు, కుండ అడుగున మాడు. "మా మియెన్‌కి మాడంటే ప్రాణం" అని తోవాన్ వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఆమె ఎన్నడూ అనలేదు ఆ మాట. పెళ్ళైన మొదటి వారం అది తప్ప మిగల్లేదు కనక తిన్నది, అంతే.

ఆరేళ్ళ కిందట ఇదే తద్దినం నాడు, ఇదే కుండ పక్కన, ఆమెకి నడుములోంచి నొప్పి మొదలైంది. నాలుగో నెల. కూర్చున్న చాప వెచ్చగా తడిసింది. వంగి అత్తగారి చెవిలో చెప్పింది. ఆవిడ మొహం తిప్పకుండా, పెదవుల మీద నవ్వు చెదరకుండా, "చుట్టాలు లేచేదాకా ఓర్చుకో. అన్నం మధ్యలో లేస్తావా?" అంది. ఓర్చుకుంది. గిన్నెలు వస్తూనే ఉన్నాయి, నింపుతూనే ఉంది. చివరి చుట్టం చెప్పులేసుకున్నాక గానీ స్కూటరు తియ్యలేదు తోవాన్. ఆసుపత్రికి చేరేసరికి కడుపులో మిగిలింది ఏమీ లేదు. తడిసిన చాపని ఇంటికొచ్చాక ఆమే ఉతుక్కుంది. అప్పటినుంచీ ఏటా ఆ తిథినాడు మామగారికి అగరొత్తులు వెలుగుతాయి. అదే తిథినాడు పోయిన రెండో ప్రాణం ఊసు ఎత్తినవాళ్ళు లేరు. అది పోయిన చోటే ఏటా కూర్చుని వడ్డిస్తోంది మియెన్.

మధ్యాహ్నానికి పళ్ళేలు పరిచారు. కోడి, ఎర్ర బంకన్నం, వెదురు మొలకల పులుసు. మియెన్ కుండ మోసుకొచ్చి దించుతుంటే చెవి పక్కనించి సన్నటి తీగ వేలాడింది. ఆడబిడ్డ లూయెన్ కళ్ళు చురుకు. జేబులోని ఫోనుతో సహా చటుక్కున లాగింది.

"ఏం వింటున్నావే మరదలా? ప్రియుడా?"

"ఇచ్చెయ్యండి వదినా. ఊరికే, ఉపన్యాసం."

"మేమూ బాగుపడతాం, వినిపించు." తీగ పీకేసి ఫోను పళ్ళెం పక్కన పెట్టింది. హనోయి ఆవిడ గొంతు అగరొత్తుల పొగలో నిండుగా మోగింది. "అద్దంలో కనబడే ఆ స్త్రీ కళ్ళలోకి చూసి చెప్పండి, నువ్వంటే నాకు ప్రేమ..."

గదంతా గొల్లున నవ్వింది. "పాపం ఆ అద్దం!" అన్నాడు తోవాన్. వాళ్ళ బాబాయి సారా గిన్నె ఎత్తి, "ఏదీ కోడలమ్మా, మా అందరి ముందూ ఒక్కసారి చెప్పు. సిగ్గెందుకు, ఇంట్లోవాళ్ళమే" అన్నాడు. లూయెన్ తల వంకర పెట్టి, చెంప మీద వేలు పెట్టుకుని, "నువ్వంటే నాకు ఇష్టమే మియెనూ" అని గారాలు పోయింది. అత్తగారు ఆ నవ్వులు కాస్త సద్దుమణిగేదాకా ఆగి, నెమ్మదిగా, అందరికీ వినబడేలా అంది.

"కడుపులోదాన్నే నిలబెట్టుకోలేకపోయింది. తనని తాను ఏం ప్రేమించుకుంటుందిలే."

బాబాయి సారా తాగాడు. తోవాన్ కోడి తొడ ఎక్కడుందో వెతుకుతున్నాడు.

ఫోను మాత్రం దాని మానాన అది మాట్లాడుకుంటూ పోయింది. ఆపేవాళ్ళు లేక మొట్టమొదటిసారి ఒక ఉపన్యాసం చివరిదాకా వచ్చింది. రెండు చెవులతోనూ విన్నది మియెన్. ఇన్నాళ్ళూ తెగిపోయిన ఆ చివర ఏదో ఉంటుందని, అది వింటే గొంతులో ముల్లు దిగుతుందని ఆశపడింది. "...అందుకే చెల్లెళ్ళూ, మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి. మా ముత్యాల పొడి క్రీముతోనే మొదలుపెట్టండి. కింద నంబరుంది" అని ఆవిడ ముగించింది. సన్నాయి లాంటి సంగీతం వచ్చింది.

ఇంతేనా, అనుకుంది మియెన్. తన తరపున చెప్పేవాళ్ళు ఆ ఫోనులో ఎవరూ లేరన్నమాట. చిత్రమేమిటంటే ఏడుపు రాలేదు. కళ్ళ ముందు పొగమంచు విడిపోయినట్టయింది.

"కానీ, పిలువు. చల్లారిపోతోంది" అంది అత్తగారు.

మియెన్ చేతులు ఒళ్ళో పెట్టుకుని వరస తప్పకుండా పిలిచింది. "అత్తయ్యా, భోంచెయ్యండి. బాబాయిగారూ, భోంచెయ్యండి. వదినా, భోంచెయ్యండి. ఏమండీ, భోంచెయ్యండి."

గిన్నెలు చాపారు. అన్నిటికన్నా ముందు అత్తగారి గిన్నె, నీలం పువ్వుల అంచుది. మియెన్ మూత తీసింది. పైన తెల్లగా, మెతుకు మెతుకు విడివడి, ఆవిరి. అంత వేడి అన్నం మీద ఆమె మొహం పెట్టి ఎన్నేళ్ళయిందో. చెక్క గరిటెతో నడిమధ్య నుంచి తీసి ఒక గిన్నె నింపింది. చాచిన గిన్నెల్లో దేన్నీ కాదు. తన గిన్నెని.

దాన్ని రెండు చేతులతో, పెద్దలకిచ్చేటప్పుడు పట్టుకున్నట్టు పట్టుకుంది.

"మియెనూ," అంది, పళ్ళెం పక్కన ఇంకెవరో కూర్చున్నట్టు, "భోంచెయ్యి తల్లీ."

తినడం మొదలుపెట్టింది.

"పిచ్చెక్కిందా దీనికి?" అన్నాడు తోవాన్. అత్తగారి చెయ్యి ఇంకా చాచే ఉంది. వెనక్కి తీసుకుంటే ఓడినట్టు, తీసుకోకపోతే అడుక్కుంటున్నట్టు. ముసలి మణికట్టు మెల్లగా కిందికి వాలసాగింది. మియెన్ అది చూసింది. జాలి ఏమైనా ఉందా అని లోపల వెతికింది, ఉంటుందనే అనుకుంది. ఆరేళ్ళ కిందట నవ్వు చెదరని ఆ పెదవులే కనబడ్డాయి. తొందరపడలేదు. బాగా నమిలి మింగింది. కోడి తొడ అందుకుని చేప రసంలో ముంచింది.

"మియెన్! అన్నం!" అంది అత్తగారు.

"అన్నం మధ్యలో లేవకూడదు కదత్తయ్యా" అంది మియెన్, నోట్లో ముద్ద పూర్తయ్యాక. "చుట్టాలు వెళ్ళేదాకా ఓర్చుకోండి."

ఇంకోసారి వడ్డించుకుంది. కుండని కాలితో మెల్లగా తోవాన్ వైపు నెట్టింది.

"మాడు మీకు ఉంచాను" అంది.