తడి ఓటు, వేడి స్కోన్లు

మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన సోమవారం సాయంత్రం ఆగింది. ఆగిందని అందరూ అన్నారు గానీ నెరిడా నమ్మలేదు. ఆగినట్టు ఆగి మనల్ని ఏమరుపాటులో పట్టుకునే వానల్ని ఆమె చాలా చూసింది. మంగళవారం తెల్లారకముందే లేచి, వంటింటి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి చూసింది. చుక్క పడలేదు. అయినా మనసు కుదుటపడలేదు.

ఎలా కుదుటపడుతుంది? దొడ్లో ఎనిమిది వందల చూడి గొర్రెలు. పది రోజుల్లో ఈనడం మొదలుపెడతాయి. ఈలోగా ఉన్ని తీయించకపోతే ఇక వాటిని పట్టుకుని పడేయడానికి వీల్లేదు, కడుపులో పిల్లలు పోతాయి. కత్తిరించే ఐదుగురూ వచ్చి షెడ్డు పక్క గదుల్లో దిగి నాలుగు రోజులైంది. నాలుగు రోజులుగా తింటున్నారు, పడుకుంటున్నారు, వానను తిడుతున్నారు.

ఎనిమిది కావస్తుండగా కూతురు టామ్‌సిన్ షెడ్డులోంచి వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఉన్నిని నాణ్యత చూసి రకాలుగా విడదీసే పని ఆమెది. బూట్లు గడప బయట విప్పుతుండగానే, కత్తిరింపు మిషన్ల భయంతో నెరిడా ఆమె చేతివేళ్లు లెక్కపెట్టుకుంది. పదీ ఉన్నాయి.

"ఓటు అయిపోయిందమ్మా. మూడు తడి, రెండు పొడి."

తడి ఉన్ని మీద వంగితే కీళ్లు పట్టేస్తాయని, ఒళ్లంతా కురుపులు లేస్తాయని కత్తిరించేవాళ్ల నమ్మకం. అందుకే అనుమానం ఉన్న రోజున తలా రెండు గొర్రెల్ని కత్తిరించి చూసి, చీటీ మీద తడి అనో పొడి అనో రాసి టోపీలో వేస్తారు. ఎక్కువ ఎటు పడితే అటు. ఎవరేం రాశారని అడగకూడదు. గొర్రెలు ఎవరివో వాళ్లు అసలు నోరెత్తకూడదు.

"అయితే ఇవాళ్టికి సెలవా?"

"సెలవు కాదు. స్మోకో కాగానే సామాను సర్దుకుని వాగుకి ఇవతలే ఉన్న పెటిఫర్ వాళ్ల దొడ్డికి వెళ్లిపోతామంటున్నాడు రెగ్. వాళ్ల గొర్రెలు కప్పు కింద ఉన్నాయట, ఎండుటాకుల్లా ఉన్నాయట. అక్కడ మూడు వారాల పని."

స్మోకో అంటే తొమ్మిదిన్నరకి వచ్చే టీ విరామం. రెగ్ ఆ గుంపుకి మేస్త్రీ. మాట మంచిదే గానీ, పని లేనిచోట ఒక్క గంట కూర్చోడు.

"మూడు వారాలా! అప్పటికి సగం గొర్రెలు ఈనేస్తాయి, మిగతా సగం..." నెరిడా ఆ మిగతా సగం సంగతి పైకి అనలేక కుర్చీలో కూలబడింది.

అంతలో భర్త కెల్విన్ వచ్చాడు. "పడమటి గాలి లేచింది. మధ్యాహ్నానికల్లా ఉన్ని ఆరిపోతుంది. అప్పుడు రెండో ఓటు పెట్టించొచ్చు. కానీ వాళ్లని పన్నెండు దాకా ఎవడు ఆపుతాడు? నేను అడిగితే ఓటులో వేలు పెట్టానంటారు."

"నువ్వు అడగొద్దు," అంది నెరిడా, కుర్చీలోంచి లేచి. "స్మోకో ఎప్పుడు ముగుస్తుంది?"

"మొదలైన అరగంటకి. మామూలుగా."

"మామూలుగా కాదు. వేడివేడిగా ఇంకొకటి వస్తోందంటే ముందు లేచిన మగాణ్ణి ఈ షెడ్డులో ఎప్పుడైనా చూశావా?"

కెల్విన్ ఆలోచించాడు. చూడలేదు.

కోళ్లు చలికాలమని గుడ్లు మానేసి నెల అయింది. వాగు పొంగి దుకాణానికి దారి లేదు. నెరిడా సామాన్ల గది తలుపు తీసి నిలబడింది. బేకింగ్ పౌడర్ కలిపిన పిండి ఒక డబ్బా నిండా ఉంది. చక్కెర, ఓట్స్, ఎండు కొబ్బరి తురుము, ఖర్జూరం, గోల్డెన్ సిరప్ అనే చక్కెర పాకం రెండు పెద్ద డబ్బాలు, క్రిస్మస్ నాటి లెమొనేడ్ సీసాలు నాలుగు ఉన్నాయి. వెన్న, మీగడ ఇంటి ఆవువే. చాలు. చాలకపోతే? చాలాలి.

ముందు స్కోన్లు, అంటే మెత్తటి చిన్న రొట్టెలు. పిండి మధ్యలో గుంట చేసి మీగడ, లెమొనేడ్ పోసి, చేత్తో కాకుండా కత్తితోనే కలిపింది. పిసికితే రాళ్లవుతాయి. పిండి అద్దిన గ్లాసుతో గుండ్రంగా కోసి, ట్రేలో ఒకదానికొకటి ఆనుకునేలా పేర్చింది. అలా పేరిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని పైకి లేస్తాయి. ఓవెన్‌లో పెట్టాక గాజు తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"లేవడం లేదు. పిండి పాతదైపోయింది. టామ్‌సిన్, లేవడం లేదే!"

"పెట్టి ఒక్క నిమిషం కాలేదమ్మా."

అవి లేచాయి. ట్రే బయటికి తీశాక ఇంకో బెంగ. "లెమొనేడ్ పాడైందేమో. ఐదుగురికీ ఒకేసారి కడుపునొప్పి వస్తే? వాగు దాటి డాక్టరు ఎలా వస్తాడు? ఇదిగో, నువ్వొకటి తిని చూడు."

"నాకు కడుపునొప్పి వస్తే పర్వాలేదన్నమాట."

"అయ్యో, వద్దు వద్దు, నువ్వు తినకు. మీ నాన్నకివ్వు."

కెల్విన్ మూడు తిన్నాడు. పది నిమిషాలు చూశారు, బతికే ఉన్నాడు. ట్రే తీసుకెళ్లాడు.

తొమ్మిదిన్నరకి జామ్, మీగడతో స్కోన్లు వెళ్లాయి. పదింటికి మేస్త్రీ టోపీ తీసుకుంటుండగా పెనం మీంచి అప్పుడే తీసిన పైక్‌లెట్లు, అరచేతిలో పట్టే తియ్యటి అట్లు, వెన్న కారుతూ వచ్చాయి. టోపీ మళ్లీ కొక్కేనికి ఎక్కింది. పదింబావుకి ఖర్జూరం రొట్టె. ఓట్స్, కొబ్బరి బిస్కట్లు ఇంకా మెత్తగా ఉండగానే పదిన్నరకి.

కెల్విన్ ఖాళీ ట్రేతో వచ్చినప్పుడల్లా నెరిడా గుమ్మంలోనే పట్టుకునేది.

"గాలి ఎలా ఉంది?"

"బాగా వీస్తోంది."

"మరీ బాగానా? షెడ్డు రేకులు లేచిపోవు గదా?"

"లేచిపోవే తల్లీ. ఇంకేముంది పంపడానికి? రెగ్ వ్యాన్ తాళాలు చేత్తో ఆడిస్తున్నాడు."

ఆ మాటతో నెరిడా సిరప్ డబ్బాలు రెండూ పెద్ద గిన్నెలో బోర్లించింది. నీళ్లు, వెన్న వేసి మరిగించి, మిగిలిన పిండంతా పాలతో ముద్ద చేసి, ఉండలు ఆ పాకంలో వదిలింది. ఉండలు నిమ్మకాయలంత వేస్తే బత్తాయిలంత అయ్యాయి. పదకొండుకి గిన్నెకి గిన్నె షెడ్డుకి వెళ్లింది. వెనకాలే మీగడ జగ్గుతో నెరిడా కూడా వెళ్లింది. ఉండ ఎవరి గొంతుకైనా అడ్డం పడితే వీపు మీద చరచడానికి ఎవరో ఒకరు ఉండాలి గదా.

ఎవరికీ అడ్డం పడలేదు. అందరికంటే పెద్దవాడు డెస్. ముప్ఫయ్యేళ్లుగా గొర్రెల మీద వంగిన మనిషి. మూడో గిన్నె చాపుతూ, "మిసెస్, మా అమ్మ పోయాక వీటిని మళ్లీ తినలేదు," అన్నాడు.

"ఏం, మీ ఆవిడ చెయ్యదా?"

"చేస్తుంది. అందుకే తినలేదు."

షెడ్డు ఘొల్లుమంది. రెగ్ కూడా తాళాలు జేబులో వేసి గిన్నె అందుకున్నాడు.

పన్నెండుకి కెల్విన్ ఒక గొర్రెని మేస్త్రీ ముందుకి తోలాడు. నోరెత్తలేదు, తోలాడంతే. రెగ్ ఉన్నిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. గరుగ్గా, పొడిపొడిగా ఉంది. దులిపితే దుమ్ము లేచింది.

"ఇది పొడి కాకపోతే నేను నా టోపీ తింటా," అన్నాడు. "తలా రెండు కత్తిరించండి, ఓటు వేద్దాం."

నెరిడా ఇంటికి పరుగెత్తి, చూడలేక తలుపు వేసుకుంది. షెడ్డు మోటారు శబ్దం వినిపించింది. కాసేపటికే ఆగిపోయింది. టామ్‌సిన్ గోడ పట్టుకుంటూ వచ్చింది. కళ్లవెంట నీళ్లు.

"ఏమైందే! ఎవరికి తెగింది?"

"ఐదు..." అని ఊపిరి తీసుకుంది టామ్‌సిన్. "ఐదుకి ఐదూ తడి!"

"దుమ్ము లేస్తుంటే తడా?"

"వంగలేకపోతున్నారమ్మా!" టామ్‌సిన్ నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంది. "డెస్ గొర్రెని పట్టుకుని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండి, 'నన్నెవరైనా నిలబెట్టండిరా' అన్నాడు. ఇంకొకాయన గొర్రె మీదే తల ఆనించి నిద్రపోయాడు. గొర్రె కూడా కదల్లేదు పాపం."

నెరిడా నోటిమీద చెయ్యి పెట్టుకుంది. నా చేతులతో నేనే కొంప ముంచుకున్నాను, అనుకుంది.

రెగ్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. నడుం బెల్టు రెండు కన్నాలు వదులు చేసి ఉంది.

"మిసెస్ ట్రెలోర్, ఓటు ఓటే. ఇవాళ పని లేదు."

"పెటిఫర్ దొడ్డికి వెళ్లిపోతారా?"

"ఎలా వెళ్తాం? వ్యాను ఎక్కాలంటే కాలెత్తాలి. అక్కడికెళ్లినా వంగాల్సిందే. మావాళ్లంతా మంచాల మీదున్నారు." గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున ఇక్కడే మొదలెడతాం. కానీ ఒక్క షరతు. స్మోకోకి నల్ల టీ, తలా ఒక్క బిస్కట్. అంతకు మించి ట్రే కనబడిందా, నేనే వాగులో పారేస్తా."

బుధవారం ఏడున్నరకి ఐదు పొడి ఓట్లు పడ్డాయి. తొమ్మిదిన్నరకి నెరిడా టీ, ఐదు బిస్కట్లు పట్టుకెళ్లింది. డెస్ పళ్లెంలోకి చూశాడు, ఆమె మొహంలోకి చూశాడు.

"మిసెస్, ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"నోరుమూసుకుని తిను," అన్నాడు రెగ్.

కూర్చోడానికి కారణం లేక ఐదుగురూ పది నిమిషాలు ముందే లేచారు. ఆ షెడ్డులో అలాంటిది ఎవరూ ఎరగరు. శుక్రవారం చీకటి పడకముందే ఎనిమిది వందల గొర్రెలూ తెల్లగా, పల్చగా, పొట్టలు ఊపుకుంటూ మైదానంలోకి వెళ్లిపోయాయి. ఒక్కటీ దారిలో ఈనలేదు.

కెల్విన్ సంతోషంతో పొయ్యి ముందు కాళ్లు చాపి కూర్చున్నాడు. నెరిడా మాత్రం చేతిలో బిస్కట్ డబ్బాతో తచ్చాడుతూనే ఉంది.

"ఇంకేమిటి?" అన్నాడు.

"మూడు రోజులూ స్మోకో మధ్యలోనే లేచిపోయారు కెల్విన్. బిస్కట్లు గట్టిపడ్డాయంటావా?"