మయూరదుర్గ భంగము

శరత్కాలము ప్రవేశించి విశాఖపట్టణ తీరమునందలి సముద్రము వానకారు కలతనంతయు విడిచి సానపట్టిన యింద్రనీలమువలె నిర్మలమై తేటపడియుండెను. అపరాహ్ణభాస్కరుడు సింహాచల శిఖరముల దెసకు మెల్లమెల్లగా నొరగుచు యారాడకొండ నొసట బంగారుపూత పూయుచుండగా రేవువాకిట లంగరు దించిన యోడలు గాలికి గదలక యెవరో వ్రాసి విడిచిన బొమ్మలో యన్నట్లు నిలిచియుండెను. తీరపుబాట వెంట మురీమిక్చరు బండ్లవారు సాయంకాలపు బేరమునకై యుల్లిపాయలు తరుగుచుండిరి. ఇట్టి ప్రశాంతవేళ కడలి కభిముఖముగా నున్న యొక పాతకాలపు సభామందిరమున మాత్రము కోలాహలము మిన్నుముట్టుచుండెను.

ఆ మందిరమున నేటేట పాత వీడియోగేముల యభిమానులు చేరి యుత్సవము జరుపుకొందురు. బాల్యమున టీవీలకు దగిలించి యాడుకొనిన యంత్రములను దుమ్ము దులిపి వెలికిదీసి యా ముసలి యంత్రములకై క్రొత్తగా రచింపబడిన యాటలను ఆడి మెచ్చుటయు ఆడి నిందించుటయు వారికి వేడుక. వారిలో రెండు తెగలు గలవు. చదునైన తెరపై రంగుచుక్కలు పేర్చి కూర్చిన టూడీ బొమ్మయే బొమ్మ యనువారు కొందఱు. చుట్టును దిరిగి చూడదగిన త్రీడీ బొమ్మకే ప్రాణమున్నదనువారు కొందఱు. రెండు విధముల బొమ్మలను మోయజాలిన సంధికాలపు యంత్రమొకటి వారందఱి యారాధ్యదైవమగుటచే నా కలహము ద్వైతాద్వైత వివాదమువలె అంతు లేక సాగుచుండెను.

"మీ త్రీడీ మొహాలు సుత్తితో కొట్టిన రేకుడబ్బాల్లా ఉంటాయండీ" అని యొకరనిన "మీ టూడీ బొమ్మలు ఇస్త్రీపెట్టె కింద పడ్డట్టుంటాయి లెండి" అని మఱియొకరు బదులు చెప్పుదురు. చెప్పి నవ్వి కలసి తేనీరు త్రాగుదురు.

ఆ సభయందు నవ్వనిది యొక్కతెయే. ఆమె పేరు కందాళ వకుళ.

వకుళయు నామె యన్నయగు శఠగోపమును కాకినాడలో బుట్టి పెరిగినవారు. అన్న బొమ్మలు వ్రాయును. చెల్లెలు వానిని నడపించు ప్రోగ్రాము వ్రాయును. వారిరువురు యౌవనారంభమున దమ సర్వశక్తులు ధారవోసి యా సంధికాలపు యంత్రమునకై మయూరదుర్గమను నాట నొకదానిని రచింప బూనిరి. పాడువడిన గిరిదుర్గమున దన పింఛమును గోలుపోయిన నెమలి యొకటి గదిగదియు వెదకికొనుచు నొక్కొక్క యీకను దిరిగి సంపాదించుకొనుట యా యాట. శఠగోపము వాకిట ముగ్గుచుక్కలు పెట్టు పడుచువలె వంగి కూర్చుండి తెరగడులలో చిన్నిచిన్ని రంగుచుక్కలు నిలుపుచుండెను. ఊదాచుక్క ప్రక్కన నాకుపచ్చచుక్క నుంచి యక్కడ లేని నీలమును కంటికి జూపుట యాతని యొక్కని విద్య. ఆ నెమలిమెడ మీది నీలము యంత్రమిచ్చినది గాదనియు దన యన్న చేతి మాయయనియు వకుళ యెందఱతోనో గర్వముగా జెప్పుకొనియుండెను.

ఆ పనియందు వారికి దోడైనవాడు ముక్తేవి దయాకరుడు. అతడు శఠగోపమునకు సహాధ్యాయి. మాటనేర్పరి. ఆటను లోకమునకు జూపి పదుగురి యండ సంపాదించుట యాతని వంతు. అతనికి మొదటినుండియు త్రీడీయందే మోజు. ఆ మోజు దోషము గాదు. చేసిన పని దోషము. ఈ మందిరముననే గడచిన యొకానొక యుత్సవమున మయూరదుర్గమును బ్రదర్శింపవలసిన తరుణమున అన్నచెల్లెండ్ర కొక్కమాటయైన జెప్పక యాతడు తాను రహస్యముగా సిద్ధపఱచిన త్రీడీ కోట నొకదానిని దెరకెక్కించెను. అంతటితో దృప్తినొందక శఠగోపము వ్రాసిన నెమలిని బ్రక్కన నిలిపి దానిని మెల్లగా ద్రిప్పెను. చదునైన యా బొమ్మ తిరుగ దిరుగ సన్నబడి సన్నబడి తుదకు వెండ్రుకవంటి గీతయై మాయమయ్యెను.

"చూశారా! పక్కనుంచి చూస్తే మా శఠగోపం నెమలి ఇదీ" అని యాతడు చేతులు విప్పి చూపెను.

సభయంతయు నొక్కపెట్టున గొల్లుమని నవ్వెను. మొదటివరుసయందు గూర్చున్న శఠగోపము తల వంచుకొనెను. ఆ వంగిన తల వకుళ కన్నులలో ముల్లువలె నాటుకొనెను. తిరుగుప్రయాణమున రైలు తుని దాటువఱకు అన్న కిటికీవైపు మొగమును ద్రిప్పలేదు. ఇల్లు చేరి రంగులు దీసి యటకపై బెట్టెను. ఆమె నాడే నిశ్చయించుకొనెను. ఆ దయాకరుని అదే మందిరమున అదే జనుల యెదుట అట్టి నవ్వుతోనే నేల గూల్చవలయును. అంతవఱకు దనకు వేఱు పని లేదు.

సంవత్సరములు గడచెను. వకుళ విశాఖపట్టణమున నుద్యోగము చేయుచుండెను. అన్న కాకినాడలో బిల్లలకు జిత్రలేఖనము నేర్పుచున్నాడని యామె యెఱుగును. అంతకుమించి యడుగ నాతని గాయమును గెలికినట్లగునని యడుగలేదు. ఈ యేటి వేసవియందు దయాకరుని త్రీడీ మయూరదుర్గము తుదకు సిద్ధమగుచున్నదని ప్రకటన వెడలెను. నమూనాగా కొంత భాగము అభిమానులకు బంచిపెట్టబడెను. వకుళయు దానిని దెచ్చుకొనెను. ఆడుటకు గాదు. ముట్టడింపనెంచిన శత్రువు కోటగోడల జుట్టి బలహీనమగు రాతిని వెదకునట్లు ఆమె యా దుర్గమున బ్రతిమూలయు వెదకుటకు.

ఆ ముసలి యంత్రము త్రీడీని మోయునే గాని సుఖముగా మోయదు. ముక్కోణపు తునుకలు చేర్చి కట్టిన గోడలు దగ్గఱకు బోయిన కొలది వడకును. రాతిపై యతికిన రంగులు నీటిలోని నీడవలె వంకరలు పోవును. వకుళ యా వడకు లన్నియు గంఠస్థము చేసెను. పడమటి బురుజు మెట్లయొద్ద నెమలి ఱెక్క ముడిచి వెనుకకు దిరిగి యొకానొక తీరున దుమికినచో రెండు మెట్లనడిమి సందున నేల దానిని భరింపక దిగవిడుచునని కనుగొనిననాడు ఆమె యింటిలో నొంటరిగా గూర్చుండి బిగ్గఱగా నవ్వెను. ఎన్నాళ్లకో నవ్విన యా నవ్వు ఆమెకే క్రొత్తగా వినబడెను. ఆ కోటలో నొక కిటికీకడ సంజవేళ నీలపుచాయ వాలిన తీరు ఎక్కడనో చూచినట్లు తోచి యామె చేయి క్షణకాల మాగెను. పగ యా తలపును నిలువనీయలేదు.

ఉత్సవము సమీపించినంత అన్నకు ఫోను చేసెను.

"అన్నయ్యా, ఈసారి నువ్వు తప్పకుండా రావాలి. నీకొకటి చూపించాలి."

శఠగోపము "వస్తాను వకుళా. నేను కూడా నీతో ఒక మాట చెప్పాలి" అనెను.

"ఏదైనా ఇక్కడే చెబుదువుగాని. ముందు నువ్వు వచ్చి కూర్చో. చాలు."

అట్లు నాటి సాయంకాలము శఠగోపము చివరివరుసయందు గూర్చుండెను. వకుళ ముందువరుసయందు గూర్చుండెను. దయాకరుడు వేదిక యెక్కెను. కణతలు నెరసి మాటలో మునుపటి జోరు తగ్గియున్నను వకుళ కన్నులకు నాతడు నాటి దయాకరుడే. ఎవరైన వచ్చి యాట యాడి చూపుడని యాతడు సభను గోరగా నామె లేచి నిలిచెను. అతని మొగమున రంగు మాఱెను. అయినను దప్పుకొని చోటిచ్చి "రండి వకుళగారూ" అనెను.

ఆమె యాడెను. కోటగుమ్మములు దాటి వంతెనలు దాటి గాలిలో దేలుచు నీకవెంట నీకను గైకొనుచు ఆ నెమలిని నడపిన నేర్పు చూచి త్రీడీ పక్షమువారు సంతోషమున నీలలు వేసిరి. తమ తెగదియని తలచిన వకుళ యిట్లాడుట చూచి టూడీ పక్షమువారు తెల్లబోయిరి. ఆమె యెవరివైపును జూడలేదు. పడమటి బురుజు చేరెను. ఱెక్క ముడిచెను. వెనుకకు దిరిగెను. దుమికెను.

నేల నెమలిని విడిచెను. అది క్రింద క్రిందకు అడుగులేని చీకటిలోనికి జారుచుండగా నందఱి కన్నుల యెదుట కోట పైకి లేచిపోయినట్లయ్యెను. వెలుపలినుండి చూచినచో గోడలకు వెన్ను లేదు. గదులకు బునాది లేదు. అంతదనుక గంభీరమై భీకరమై కనబడిన మహాదుర్గము గాలిలో వ్రేలాడు రంగుకాగితపు ముక్కల కుప్పగా దేలెను.

వకుళ చేతిలోని కంట్రోలరును బల్లపై నుంచి సభవైపునకు దిరిగి "చూశారా! కిందనుంచి చూస్తే దయాకర్‌గారి కోట ఇదీ" అనెను.

గొల్లుమని నవ్వు లేచెను. అదే నవ్వు. అదే ఘోష. ఆమె యా నవ్వును దప్పికగొన్నదానివలె చెవులార ద్రావెను. సంవత్సరములుగా నెదలో గ్రుచ్చుకొనియున్న ముల్లు ఊడివచ్చినట్లయి యామె విజయోత్సాహమున అన్నకొఱకు చివరివరుస వైపు చూచెను.

శఠగోపము తల వంచుకొని యుండెను.

"ఆ కోట నేను కట్టలేదండీ" అని దయాకరుడు మెల్లగా బలికెను. మైకు నోటికి జేరువగా నుండుటచే నా మెల్లని మాట మందిరమంతయు నిండెను. "అంత చెయ్యి నాకు లేదు. నేనప్పుడు ఇక్కడ చేసింది తప్పు. ఆట అయ్యాక ఇదే హాల్లో ఆ మాట చెప్పి, కట్టినవాణ్ణి పైకి పిలుద్దామని వచ్చాను. మీ అన్నయ్యే కట్టాడు వకుళగారూ. మొత్తం ఆయనే."

ఒడ్డు దాకిన యల వెనుకకు లాగికొనిపోయినట్లు నవ్వు తొలగెను. చివరివరుసయందు గుర్చీ యొకటి కిఱ్ఱుమనెను. శఠగోపము లేచి వెలుపలికి నడచెను.

మందిరపు మెట్లమీద నామె యాతనిని గలసికొనెను. ఎదుట సముద్రము యథాప్రకారము తళతళలాడుచుండెను. వకుళ నోట మొదట వెడలినది క్షమాపణము గాదు.

"వాడి దగ్గరికి వెళ్ళావా? వాడి దగ్గరికా అన్నయ్యా?"

"ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. క్షమించి వెళ్ళాననుకోకు, ఇంకా పూర్తిగా క్షమించలేదు. బొమ్మ వెయ్యక చెయ్యి కొట్టుకులాడుతుండేది. అందుకు వెళ్ళాను."

"అయితే మన నెమలి తప్పా? నువ్వూ వాడిలాగే అంటావా?"

శఠగోపము తల యడ్డముగా నూపెను. "తప్పని ఎవరన్నారు? ఆ రోజు దాన్ని తిప్పి గీత చేసి చూపించినప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. రంగులు అటక మీద పెట్టేశాక మాత్రం ఒకటే ఆలోచన. దాని అవతలి పక్క ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఊహించనేలేదే అని. చూడాలనిపించింది. నీకు టూడీయే ఇష్టం, ఉండనీ. నాకు ఇప్పుడు ఇది ఇష్టం. అంతే కదమ్మా. దీనికి ఒకరి పరువు ఒకరు తియ్యాలా?"

"నాతో ఎందుకు చెప్పలేదు?"

అతడు "నీ కోపం నా కోసమే కదా. నాకది తగ్గిపోయిందంటే నువ్వు ఆ కోపంతో ఒక్కదానివే మిగిలిపోతావనిపించింది" అనెను.

ఆ మాట వకుళకు సభాపరిహాసముకంటె లోతుగా దగిలెను. తాను కొట్టిన దెబ్బ యెవరి చేతిపని మీద బడినదో యప్పటికి సంపూర్ణముగా నెఱుకపడి యామె మెట్టుపై గూలబడి మొగమును గొంగున గప్పుకొనెను. కిటికీకడ గనబడిన సంజ యిప్పుడు గుర్తు తెలిసెను. ఊదా ప్రక్కన ఆకుపచ్చ. ఆమె యెఱుగని చేయి గాదది. ఎఱుగనొల్లని చేయి.

శఠగోపము చెల్లెలి యేడ్పు తీఱువఱకు వేచియుండి పిదప కొంచెము వింతపడుచు "ఆ సందు నాకే తెలీదు. ఎలా పట్టావు? రా, చూపించు. ఇంకా ఎన్ని ఉన్నాయో ఏమో, పూడ్చుకోవాలి" అనెను.

జనులు తేనీటికై వెలుపలికి బోయిరి. ఖాళీయైన మందిరమున నన్నచెల్లెండ్రు పక్కపక్కన గూర్చుండిరి. వకుళ నెమలిని నడపించుచు తాను శత్రుబుద్ధితో వెదకి పట్టిన లోపముల నొక్కటొక్కటిగా జూపసాగెను. ఇక్కడ గోడ వడకును. ఇక్కడ నీడ తప్పును. ఇక్కడ ఱెక్క రాతిలో జిక్కుకొనును. శఠగోపము ముందునకు వంగి బాలునివలె నాశ్చర్యపడుచు "అబ్బా, దీన్ని కూడా చూశావా" అని మాటిమాటికి ననుచుండెను. ఆ కోటను లోకమున నింత ప్రేమతో జూచినవారు మఱి లేరని యెవరైన ననుకొనియుందురు.

అంతలో దయాకరుడు ద్వారముకడకు వచ్చి లోనికి రావలయునో వలదో తెలియనివాడై నిలిచెను. ఆతని కన్నులు క్షమాపణము వేడుచుండెను. వకుళ చూచెను. చూచి తెరవైపు దిరిగెను.

"ఇంకేమైనా ఉన్నాయా?" అని శఠగోపమడిగెను.

తూర్పువాకిట గడపక్రింద మఱియొకటి కలదు. మొదటి బాణము తప్పినచో వేయుటకని యామె దాచుకొనినది. మెట్లకడ సందు దాని ముందు లెక్కలోనికి రాదు. దానిని దాకినచో కోట యంతయు నిలువున మాయమగును. అది పడినను అన్న కోటయే పడునని యామె యెఱుగును. ద్వారమున నిలిచినవాని నీడ యింకను నేలపై సాగియుండెను.

"లేవు" అని వకుళ చెప్పెను.

అన్న యామెవంక నొక్కమాఱు చూచి మఱల నేమియు నడుగలేదు. పొయ్యి యార్పిన యిల్లాలు నిప్పుకణిక నొకదానిని బూడిదక్రింద గప్పియుంచును. పైనుండి చూచువారికి బూడిదయే కనబడును. దాని వేడి నెఱుగునది కప్పిన చేయి యొక్కటియే.